డీబగ్ లెవెల్ గురించి మేనకోడలికి



నీ మెసేజీ చూశాను. కొత్త టీమ్‌లో మెషీన్లని కనిపెట్టుకుని ఉండే జాబిక్స్ సర్వరూ, దాని కింద ఉన్న ఏజెంట్లూ నీ చేతికొచ్చాయన్నావు. సంతోషం. "ఎందుకైనా మంచిది, అన్నిట్లోనూ డీబగ్‌లెవెల్ 4 పెట్టేద్దామనుకుంటున్నా" అన్నావు చూడు, అక్కడే ఆగాను. వద్దు. ఎందుకో ఫోన్లో చెబితే సగం నువ్వు మీటింగులో పడి మర్చిపోతావు, అందుకే ఈ ఉత్తరం.

జాబిక్స్‌లో లెవెల్ 0 నుంచి 5 దాకా ఉంటుంది. 0 అంటే ప్రాసెస్ లేచింది, ఆగింది అన్న ముక్క మాత్రమే. 1 క్రిటికల్, 2 ఎర్రర్, 3 వార్నింగ్, 4 డీబగ్, 5 ఇంకా లోతు. నువ్వేమీ ముట్టుకోకపోతే 3 ఉంటుంది. 4కి పెంచావంటే సర్వర్ తాను డేటాబేస్‌కి పంపే క్వెరీలతో సహా అన్నీ రాసుకుంటూ కూర్చుంటుంది.

ఇప్పుడు కాన్ఫిగ్‌లో లాగ్‌ఫైల్‌సైజ్ అన్న లైను చూడు. డిఫాల్ట్ 1 ఎంబీ. ఫైలు అంత నిండగానే పేరు చివర 'డాట్ ఓల్డ్' తగిలించి పక్కన పెట్టి, కొత్త ఫైలు మొదలుపెడుతుంది. అదీ నిండితే పాత ఓల్డ్ పోయి దాని చోట కొత్త ఓల్డ్ వస్తుంది. అంటే నీ దగ్గర ఎప్పుడూ ఉండేవి రెండే ఫైళ్లు. లెవెల్ 3లో బుద్ధిగా నడిచే ఏజెంటుకి అవి చాలాకాలం వస్తాయి. లెవెల్ 4లో, రద్దీగా ఉండే సర్వర్‌కి కాసేపు కూడా రావు. రాత్రి రెండింటికి ఏదో పడిపోయిందనుకో, పొద్దున్నే నువ్వొచ్చి ఫైలు తెరిస్తే అందులో ఉండేది ఇందాకటి కబుర్లే. ఎక్కువ రాయించావు కాబట్టే కావలసిన లైను పోయింది.

ప్యాకేజీతో వచ్చిన కాన్ఫిగ్‌లో అదే లైనులో 0 కనిపించవచ్చు. అంటే జాబిక్స్ తనంతట తాను ఫైలు మార్చదు, ఆ పని లినక్స్‌లోని లాగ్‌రొటేట్ అన్న టూల్‌ది. లాగ్‌రొటేట్ వారానికోసారి నడిచేలా ఉండి, ఎవరో సోమవారం డీబగ్ పెట్టి మర్చిపోతే, శుక్రవారానికి డిస్కు సంగతి నువ్వే ఊహించుకో. రెండు చోట్లా చూడందే సెట్టింగు అయిందనుకోకు.

డిస్కు నిండినప్పుడు అందరికీ మొదట తోచేది పెద్ద లాగ్ ఫైలు వెతికి ఆర్‌ఎమ్ కొట్టడం. కొట్టాక డీఎఫ్ చూస్తే ఇంకా 100 శాతమే ఉంటుంది. డీయూ చూస్తే ఆ ఫోల్డర్‌లో ఏమీ లేదంటుంది. బుర్ర తిరిగిపోతుంది. జరిగిందేమిటంటే, పోయింది ఫైలు పేరు మాత్రమే. ప్రాసెస్ దాన్ని తెరిచి పట్టుకునే ఉంది, అది వదిలేదాకా లినక్స్ జాగా తిరిగివ్వదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండుకి 'ప్లస్ ఎల్ 1' ఇచ్చి చూడు, పేరు పోయినా ప్రాణం పోని ఫైళ్లన్నీ, వాటిని పట్టుకున్న ప్రాసెస్‌తో సహా బయటపడతాయి. అందుకే నడుస్తున్న లాగ్‌ని తీసేయకూడదు, ట్రంకేట్ చేసి లోపల ఖాళీ చెయ్యాలి. ఇంతదాకా రాకుండా లాగ్‌లకి వేరే పార్టిషన్ అడుగు. డేటాబేస్‌తో ఒకే డిస్కు పంచుకుంటే, లాగ్ నిండిన రోజు డేటాబేస్ కూడా చేతులెత్తేస్తుంది.

"మరి 3లో ఏం తెలుస్తుంది?" అంటావు. చాలా తెలుస్తుంది. సర్వర్ లాగ్‌లో లైను ఇలా మొదలవుతుంది: 2917:20240312:021407.338. మొదటిది ప్రాసెస్ నంబరు, తర్వాత తేదీ, ఆ తర్వాత మిల్లీసెకన్లతో సహా టైము. దాని వెనకాల, ఫలానా హోస్ట్‌లో ఫలానా ఐటమ్ రాలేదు, మొదటి నెట్‌వర్క్ ఎర్రర్, 15 సెకన్లు ఆగుతున్నాను అని ఉంటుంది. ఆ హోస్ట్‌కే కాసేపటికి కనెక్షన్ తిరిగొచ్చిందన్న లైను కనిపిస్తే నెట్‌వర్క్ తుమ్మిందంతే. చెక్‌లు తాత్కాలికంగా ఆపుతున్నానన్న లైను కనిపిస్తే మాత్రం ఆ మెషీన్‌లోకి వెళ్లి చూడాల్సిందే. ఇంత కథ లెవెల్ 3లోనే వస్తుంది. కాకపోతే ఆ టైము పక్కన ఏ టైమ్‌జోనో రాయదు. మీ ఆఫీసు సర్వర్ మన టైములో, క్లౌడ్ మెషీన్ యూటీసీలో ఉంటే ఐదున్నర గంటల తేడా. రెండు లాగ్‌లు పక్కపక్కన పెట్టి జరగని గొడవకి కారణాలు వెతుకుతావు.

డీబగ్ నిజంగా కావలసిన రోజు వస్తుంది. అప్పుడు కూడా కాన్ఫిగ్ మార్చి రీస్టార్ట్ చెయ్యకు, రీస్టార్ట్‌తో సమస్యే మాయమైపోవచ్చు. నడుస్తున్న సర్వర్‌కే 'హైఫన్ ఆర్'తో లాగ్_లెవెల్_ఇంక్రీజ్ అని పంపు. అందులోనూ అన్నిటికీ వద్దు, అనుమానం డేటా అడిగి తెచ్చే పోలర్ ప్రాసెస్‌ల మీదైతే పోలర్లకే, మూడో పోలర్ మీదైతే దానికొక్కదానికే పెంచు. చూడాల్సింది చూశాక డిక్రీజ్ పంపడం మర్చిపోకు.

లెవెల్ అంకెని అన్ని చోట్లా ఒకేలా చదవకు. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ కోసం రాసిన సిస్‌లాగ్ నుంచి వచ్చిన వరసలో 0 అన్నిటికంటే ప్రమాదం, 7 డీబగ్. అక్కడ 3 అంటే ఎర్రర్, జాబిక్స్‌లో 3 వార్నింగ్. పైథాన్‌లో అయితే తిరగేసి, డీబగ్ 10, క్రిటికల్ 50.

మీ టీమ్ సొంతంగా రాసే స్క్రిప్టుల సంగతి ఇంకో తలనొప్పి. ఒకసారి తప్పి, రెండోసారి ప్రయత్నిస్తే అయిపోయిన పనిని కూడా ఎర్రర్ అని రాసేస్తారు. ఆ లైను చూసి ఎవరు ఏం చెయ్యాలి? ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదంటే అది ఎర్రర్ కాదు. రాత్రి లేచి చూడాల్సిందే ఎర్రర్, రేపు చూసినా సరిపోయేది వార్నింగ్, అడిగినప్పుడు లెక్క చెప్పడానికి పనికొచ్చేది ఇన్ఫో. ఈ గీత ముందే గీయకపోతే అలర్టులు చూసీ చూసీ మొద్దుబారి అసలుదాన్నే వదిలేస్తారు.

పాస్‌వర్డ్‌లు, టోకెన్లు ఏ లెవెల్లోనూ లాగ్‌లోకి రాకూడదు. 2018 మేలో ట్విట్టర్ తన యూజర్లందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమంది. హ్యాష్ కాకముందే పాస్‌వర్డ్‌లు ఒక అంతర్గత లాగ్‌లో పడుతున్నాయని తేలింది. ఎవరైనా డీబగ్ ఫైలు అడిగితే యథాతథంగా పంపేయకు, ఒకసారి చదువు.

ఇంకొకటి, 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో సంస్థలు లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. రెండు ఎంబీల ఫైళ్లతో అది ఎలాగూ కుదరదు కాబట్టి, లాగ్‌లన్నీ చేరే సెంట్రల్ సర్వర్ ఉందో లేదో మీ సెక్యూరిటీ వాళ్లని ఈ వారమే అడుగు. సర్వర్ గడియారాలన్నీ ఎన్‌టీపీతో కలిశాయా అని కూడా అడుగు, అదీ ఆ ఆదేశాల్లోనే ఉంది.

కాన్ఫిగ్ ఫైలు, లాగ్‌రొటేట్ ఫైలు నాకు పంపు, డేటాబేస్ పాస్‌వర్డ్ చెరిపి. ఆదివారం కూర్చుని చూస్తాను. అక్కయ్యకీ బావగారికీ నా నమస్కారాలు చెప్పు. పంపిన ఆవకాయ అందిందని కూడా చెప్పు, కారం మాత్రం ఈసారి బాగా ఎక్కువైంది.

మీ మావయ్య