మంజీర నది నేర్పు పాఠము



మన బీదరు జిల్లాలో పారు మంజీర నది మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, లాతూరు, బీదరు జిల్లాలు దాటి తెలుగు నేలలో ప్రవేశించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియుచున్నది. నది ఒక్కటే, హక్కుదారులు ముగ్గురు. పైవారు నీరంతయు ఆపుకొనిన క్రింద నిజాంసాగరు ఎండును. క్రిందివారి మాటే నెగ్గిన పైపొలములు బీడగును.

గోదావరి జలముల తగవు తీర్చుటకు 1969లో బచావత్ ట్రిబ్యునల్ ఏర్పడినది. తీర్పు వచ్చువరకు రాష్ట్రములు చేతులు కట్టుకొని కూర్చుండలేదు. తమలో తాము మాటలాడుకొని 1975లో ఒప్పందములు చేసికొన్నవి. 1980 నాటి తీర్పులో ట్రిబ్యునల్ వాటినే చేర్చుకొన్నది. దీనినుండి మనము మూడు సంగతులు గమనించుదము.

1. అవసరమును అడుగవలెను. "నది ఎవరిది?" అనిన తగవు తెగదు. "ఎవరికి, దేనికి, ఎంత?" అనిన దారి దొరకును. సింగూరు నుండి హైదరాబాదు త్రాగునీటికి 4 టి.ఎం.సి. అని లెక్క కుదిరినది అట్లే. మన సంఘములలో ఆరాధన తెలుగులోనా, కన్నడములోనా అను తగవు వచ్చినప్పుడు, పెద్దలకు ఏది ఆదరణ, ఇక్కడి బడులలో చదివిన పిల్లలకు ఏది అర్థమగును అని ముందు అడుగుదము.

2. మధ్యవర్తి తీర్పరి కాడు. ఇరుపక్షములను సమముగా వినవలెను, చెప్పినది దాచవలెను, ఎవరికిని బంధువై యుండరాదు. తీర్మానము వారి నోటనే రావలెను. మత్తయి 18:15-17లో మెట్లు మూడు: మొదట ఒంటరిగా, పిమ్మట ఒకరిద్దరితో, ఆ తరువాతనే సంఘము. మనమైతే మొదటి రెండు మెట్లు విడిచి కమిటీకో కోర్టుకో పరుగెత్తుచున్నాము. స్థలము మిగులును గాని సహవాసము మిగులదు.

3. కుదిరినది వ్రాసికొనవలెను, కనిపెట్టువారిని నియమింపవలెను. బాబ్లీ బ్యారేజీ తగవులో 2013లో సుప్రీంకోర్టు జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు గేట్లు తెరచియుంచవలెనని చెప్పి, పర్యవేక్షణకు ముగ్గురు సభ్యుల కమిటీని ఏర్పరచినది. ఒప్పందమునకు కావలి లేనిచో పాత తగవు మరల లేచును.

ఆలోచించుటకు:

అ) మన సంఘములో ఇప్పుడున్న తగవులో ఎదుటివారి అవసరమేమి?

ఆ) ఇరుపక్షములు నమ్మువారు మనలో ఎవరు?

ఇ) వారియొద్దకు ఈ వారమే వెళ్లుటకు మనకు అడ్డమేమి?