ఇష్టమైన పాటలకు వరుస సంఖ్యలు

ప్రశ్న: నాకిష్టమైన 50 పాత సినిమా పాటలకు ర్యాంకులిచ్చి, రోజుకొకటి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పంచుకోవాలనుంది. వరుస ఎప్పటికప్పుడు మారిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: ఈమధ్య విన్న పాటే మనసులో ముందు నిలుస్తుంది. వరుస మారడానికి ముఖ్య కారణం ఇదే. ముందుగా పాటలన్నీ కాగితం మీద రాసి, పదేసి చొప్పున విడదీయాలి. రెండేసి పాటలను పోల్చి, వారం తర్వాత మరోసారి చూసి ఖాయం చేయాలి. 50వ పాటతో మొదలుపెడితే ఆసక్తి చివరిదాకా నిలుస్తుంది. పాటతోపాటు సినిమా, సంవత్సరం, రచయిత, గాయకుల పేర్లు, ఒక జ్ఞాపకం చాలు. వివరాలు సరిచూడటం అవసరం: ‘మాయాబజార్’ (1957) సంగీతం ఘంటసాలదే అయినా, కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. ఇలాంటి సందేహం తీరకపోతే పాత పాటలు సేకరించేవారిని నేరుగా అడగాలి.