మంచు మీద ఆట

రామగుండంలో ఎండాకాలం ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కాని హిమాలయ కొండల్లో చలికాలం దూదిలాగ మంచు కురుస్తుంది. కాళ్లకు పొడుగాటి బద్దలు కట్టుకుని దాని మీద జారుతారు. ఈ ఆటే స్కీయింగ్. ఏ చోటుకు ఆ మంచీ చెడ్డా ఉన్నయి.

కశ్మీరులో గుల్మార్గ్ ఉంది. అక్కడ మంచు మెత్తగా, లోతుగా పడుతుంది. ఆటకు బాగుంటుంది. ఊరోళ్లకు పని దొరుకుతుంది. కాని కొండ మీది మంచు విరిగిపడితే ప్రాణాలు పోతాయి. 2010 ఫిబ్రవరిలో శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు అట్లనే చనిపోయిండ్రు. 2024 జనవరిలోనైతే మంచే లేక కొండలు బోసిపోయినయి.

దుబాయి ఎడారి ప్రాంతం. అక్కడ 2005లో పెద్ద భవనం లోపల మంచు కొండ కట్టిండ్రు. ఏడాదంతా ఆడొచ్చు. మంచు విరిగిపడే భయం లేదు. కాని దాన్ని చల్లగా ఉంచడానికి రాత్రింబగళ్లు కరెంటు కావాలె.

జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి ఎందరో దుబాయికి పనికి పోయిండ్రు. భవనం లోపల మంచు. బయట పనిచేసేటోళ్ల నెత్తిన ఎండ. అందుకే అక్కడ ఒక రూలు ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, పగలు 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించరాదు.

మీ ఇంటి నుంచి ఎవరైనా దుబాయి పోతున్నారా? ఈ సంగతి చదివి వినిపించండి.