పదిమందికీ పనికొచ్చే పరికరానికి గ్రాంటు ఎలా తెచ్చుకోవాలి?

రక్తంలో సీడీ4 కణాలను లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ లాంటి యంత్రం ఒక్క ల్యాబు కోసం కొనడం కష్టం. నాలుగు ల్యాబులు కలిసి అడిగితే దారి దొరుకుతుంది. కొత్తగా చేరిన అధ్యాపకులు ఈ వరుసలో వెళ్లండి.

1. ముందు వెతకండి: 2020లో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ ప్రభుత్వ సంస్థలో ఏ పరికరం ఉందో చూడొచ్చు. దగ్గర్లో ఉంటే అక్కడే స్లాటు అడగండి. దూరమైతే, చేరేలోపు నమూనా పాడవుతుందంటే, ఆ కారణాన్నే దరఖాస్తులో ముందు రాయండి.

2. వాడేవాళ్ల పట్టిక వేయండి: "అందరికీ ఉపయోగం" అంటే చాలదు. పేరు, ప్రాజెక్టు, నమూనాల సంఖ్య, వారానికి ఎన్ని గంటలు అన్నవి ఉండాలి. బయోకెమిస్ట్రీకి 8 గంటలు, మైక్రోబయాలజీకి 6, పక్క కాలేజీకి 4. ఇలా రాస్తే అవసరం ఎంతో చదివేవారికి వెంటనే తెలుస్తుంది.

3. పథకం ఎంచుకోండి: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2000లో తెచ్చిన ఫిస్ట్ పథకం సాయం వ్యక్తికి కాదు, డిపార్టుమెంటుకు అందుతుంది. అదీ అయిదేళ్లకు. వైద్య కళాశాలలైతే ఆరోగ్య పరిశోధన విభాగం ఇచ్చే మల్టీ డిసిప్లినరీ రీసెర్చ్ యూనిట్ల పథకం చూడండి. అర్హతలు, గడువు ఆ ఏటి ప్రకటనలోనే సరిచూసుకోండి.

4. కొటేషన్ విడివిడిగా అడగండి: యంత్రం, యూపీఎస్, ఇన్‌స్టలేషన్, శిక్షణ, వారంటీ, ఆ తర్వాత ఏటా అయ్యే ఏఎంసీ... దేని ధర దానికే ఉండాలి. రీఏజెంట్ల ఖర్చు మరవకండి.

5. గది సిద్ధం చేయండి: ఒక డిపార్టుమెంటులో నేను కళ్లారా చూశాను. యంత్రం వచ్చింది, గదిలో ఏసీ లేదు, కరెంటు లైను చాలలేదు. చెక్కపెట్టె విప్పకుండానే వారంటీ నెలలు కరిగిపోయాయి. అందుకే గది కేటాయిస్తూ సంస్థ అధిపతి రాసిన లేఖ దరఖాస్తుకు జతచేయండి.

6. నడిపే పద్ధతి రాయండి: టెక్నీషియన్ ఎవరు, స్లాట్లు ఎవరు ఇస్తారు, బయటివారికి ఫీజు ఎంత అన్నది చెప్పండి. యంత్రం పక్కనే లాగ్‌బుక్ పెట్టండి. తేదీ, పేరు, నమూనా, మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ, వచ్చిన లోపం అందులో ఎక్కాలి. రేపు ఇంకో గ్రాంటు అడిగినప్పుడు మీ మాటకు సాక్ష్యం అదే.

ఆరింటిలోనూ ఎక్కువ సమయం పట్టేది రెండోదే. ప్రకటన వచ్చాక పరుగెత్తితే అది కుదరదు. ఈ వారమే పక్క ల్యాబు తలుపు తట్టి, వాళ్లకు ఎన్ని గంటలు కావాలో అడిగి రాసుకోండి.