ఓటమి వేళ తండ్రి ముఖం

2023 నవంబరు 19న అహ్మదాబాదులో ప్రపంచ కప్పు క్రికెట్ తుది పోటీ ఆరంభమైనప్పుడు న్యూజెర్సీలో తెల్లవారుజామున మూడున్నర గంటలు. వరుసగా పది ఆటలు నెగ్గిన భారతజట్టు ఆనాడు ఓడింది. అటువంటి క్షణాన తండ్రి పక్కన నిద్రకళ్ళతో కూర్చున్న పసివాడు టీవీని విడిచి తండ్రి ముఖం చూస్తాడు.

ఈ చూపు పుట్టిన ఏడాదికే అలవడుతుంది. 1985లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశోధనలో ఏడాది పిల్లలను గాజుపలక పరచిన బల్లపై విడిచారు. పలక అడుగున పల్లం కనిపిస్తుంది; ఆవలి అంచున తల్లి. ఆమె నవ్వుముఖం చూపగా 19 మందిలో 14 మంది దాటారు. భయం చూపగా 17 మందిలో ఒక్కరూ దాటలేదు.

పెద్దలకు వేరొక ఉపాయమున్నది. జట్టు నెగ్గితే 'మనం గెలిచాం', ఓడితే 'వాళ్ళు ఓడారు' అనే ధోరణిని రాబర్ట్ చాల్దినీ బృందం 1976లో విశ్వవిద్యాలయ విద్యార్థులలో గుర్తించింది. బిడ్డకు 'మన జట్టు' అని నేర్పిన తండ్రి ఇలా తప్పుకోవడం కష్టమే. పోనీ, కోపగించుకుంటే? గెలుపు ఖాయమనుకున్న స్థానిక ఫుట్‌బాల్ జట్టు ఓడిన రోజున, ఇళ్ళలో స్త్రీలపై భర్తలు, సహచరులు జరిపే దౌర్జన్యం గురించి పోలీసులకు చేరిన నివేదికలు సుమారు 10 శాతం పెరిగినట్లు కార్డ్, డాల్ అనే ఆర్థికవేత్తలు 2011లో చూపారు. హోరాహోరీ తప్పదనుకున్న ఆటలో ఓడినప్పుడు అంతటి పెరుగుదల కనిపించలేదు. ముందురోజు రాత్రి 'కప్పు మనదే' అని బిడ్డను నిద్రపుచ్చిన తండ్రి గమనించదగిన వివరమిది.