తోటభూములకు కంపోస్టు ఎరువు

కూరగాయల తోటలు వేయు మన సభ్యులలో పలువురు ఏటేట ఎరువులకై అప్పు తెచ్చుచున్నారు. అదే సమయమున పెరటిచెత్త తగులబడుచున్నది. పేడ పిడకలై పొయ్యిలోనికి బోవుచున్నది. పశువుల మూత్రము కొట్టమునేలలో నింకిపోవుచున్నది. పేడను కాల్చినచో నందలి నత్రజని పొగతో బోయి బూడిద మాత్రమే మిగులును. ఈ నష్టమును మాన్పు విధమును ఇచ్చట వివరింతుము.

ఇండోరులో ఆల్బర్టు హోవర్డు, యశ్వంత్ వాడ్ అను వారలు చెత్తను మాగవేయు పద్ధతి నొకదానిని రూపొందించి 1931లో గ్రంథముగా బ్రకటించిరి. దాని సారమిది:

1. గుంత లోతు 2 అడుగులకు మించరాదు. మించినచో అడుగునకు గాలి యందదు. వానకాలమున గుంతలో నీరు నిలుచును గావున మెరకమీద కుప్పగా బేర్చవలెను.

2. చెత్తను జానెడు మందమున బఱచి, దానిపై పేడనీళ్లు, మూత్రము నానిన మన్ను, కొంచెము బూడిద చల్లి, మరల చెత్త వేయవలెను.

3. పిడికిట బట్టి పిండినచో చేయి తడియవలెను గాని నీరు కారరాదు. కొలది దినములలో కుప్ప వేడెక్కును. ఆ వేడికి కలుపువిత్తులు పెక్కు చచ్చును. వేడెక్కకున్నచో తడియో పేడయో చాలలేదని యెఱుగవలెను. దుర్వాసన పుట్టినచో నీరు హెచ్చినదని యర్థము.

4. రెండు మూడు వారములకు నొకసారి, 5 వారములకు నొకసారి, 9 వారములకు నొకసారి తిరుగవేసినచో 3 మాసములకు ఎరువు నల్లనై పొడిపొడిగా నగును.

మాగని చెత్తను మడులలో గలుపరాదు. దానిని కుళ్లజేయు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగుకొనుటచే నారు పసుపువన్నె కెక్కును. పచ్చిపేడ వేరుపురుగులకు నెలవగును.

ఇసుకనేలకు కంపోస్టుతో చెరువుమట్టి చేర్చినచో తడి నిలుచును. రేగడినేల కంపోస్టుచే గుల్లబారును. జీలుగ, జనుము చల్లి పూతకు రాగానే కలియదున్నుటయు మేలు. కారుచౌడునకు మాత్రము కంపోస్టొక్కటియే చాలదు. మట్టిని పరీక్ష చేయించి, చెప్పిన మేరకు జిప్సము వేసి, మురుగునీరు పోవు కాలువ త్రవ్వవలెను.

టన్ను పశువులయెరువులో నత్రజని సుమారు 5 కిలోలు మాత్రమే యుండును. కావున మిరప మొదలగు పైరులకు కొనుగోలు ఎరువు పూర్తిగ మానుడని మేము చెప్పము. కాని కొన్న ఎరువు నీటితో గొట్టుకొనిపోక నేలలో నిలుచుటకు ఈ మాగిన చెత్తయే యాధారము. సభ్యులెల్లరు ఈ మాసముననే యొక్క గుంతయైన నింపి, మూడు మాసములకు దాని ఫలమును ఒక మడిలో వేసి, ప్రక్కమడితో బోల్చి చూతురుగాక.