పట్టణము కట్టిన చేతులు
(సండేస్కూలు ఉపాధ్యాయులకును తలిదండ్రులకును పాఠము)



పట్టణపు కట్టడములనుగూర్చిన డాక్యుమెంటరీ చిత్రము పల్లెపిల్లల కెందుకని కొందరు పెద్దలడుగుచున్నారు. మన సంఘములలో అనేకమంది పిల్లల తలిదండ్రులు నెలల తరబడి హైదరాబాదులోనో బెంగుళూరులోనో కట్టడపు పనులలో నుందురు. అవ్వల యొద్ద పెరుగుచున్న ఆ పిల్లలకు పట్టణమనగా అమ్మను తీసికొనిపోయిన చోటు. ఆ చోటు ఎట్లు కట్టబడునో వారికి తెలిసియుండుట మంచిది.

నేను చెప్పుచున్న చిత్రము 1966లో స్విట్జర్లాండు దేశస్థుడైన అలేన్ టానర్ చండీగఢ్ పట్టణమునుగూర్చి తీసినది. వ్యాఖ్యానములో ఆంగ్ల రచయిత జాన్ బెర్జర్ చేయి కలదు. నిడివి గంటకు లోపే. మాటలు తెలుగులో లేవు గనుక ఉపాధ్యాయుడు ముందుగా ఒకసారి చూచుకొని, పిల్లలకు చూపునప్పుడు అక్కడక్కడ ఆపి చెప్పవలెను. ప్రొజెక్టరు లేనియెడల ఒక ఫోనైనను చాలును. కాని దాని చుట్టు అయిదారుగురికంటె ఎక్కువమంది కూర్చుండరాదు.

మొదట కథ చెప్పుడి. 1947లో దేశము విభజింపబడినప్పుడు లాహోరు పాకిస్తానునకు పోయెను. మన వైపు మిగిలిన పంజాబునకు రాజధాని లేకపోయెను. గనుక పల్లెలును పొలములును ఉన్న చోట క్రొత్త పట్టణము కట్ట నిశ్చయించిరి. 1951లో ల కార్బూజియే అను ప్రసిద్ధ శిల్పి ఆ పనికి వచ్చెను. పియేర్ జెన్నెరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ అనువారు ఆయనతో పనిచేసిరి. నేడు అది పంజాబు, హర్యానా రెండింటికిని రాజధాని. 2011 జనాభా లెక్కలలో పదిలక్షలకు పైగా జనము.

పట్టణమును సెక్టారులుగా విభజించిరి. ఒక్కొక్కటి 800 మీటర్లు వెడల్పు, 1200 మీటర్లు పొడవు. బడి, అంగడి, ఆటస్థలము దాని లోపలనే యుండును. పిల్లవాడు పెద్ద రోడ్డు దాటకయే బడికి పోవచ్చును. ఇది మెచ్చదగిన ఆలోచన. మన గుడి మొదలుకొని 1200 మీటర్లు పిల్లలచేత నడిపించి చూపుడి, లెక్క కాళ్లకు తెలియును. కట్టడముల ముఖముమీద ఎండ లోపలికి రాకుండ నిలువుగాను అడ్డముగాను కట్టిన కాంక్రీటు పలకలను కూడ చూపవలెను. మన ఇండ్లకు చూరు దించుటయు పంచ వేయుటయు ఆ ఎండ కొరకే గదా!

ఇక చిత్రమును ఆపవలసిన ముఖ్యమైన చోటు. స్త్రీలు తలమీద తట్టలు పెట్టుకొని వరుసగా మోయుచుందురు. ఆ గొప్ప కాంక్రీటు కట్టడములు చాలవరకు మనుష్యుల చేతులతోనే లేచినవి. మా గ్రామములో ఈ చోట ఒక చిన్నది, “అయ్యగారూ, మా అమ్మ గూడ అట్లనే నడుస్తది,” అనెను. అప్పటివరకు అల్లరి చేయుచున్నవారు ఊరకుండిరి. శిల్పుల పేర్లు నాలుగు చెప్పితిమి గదా, ఈమె పేరేమని పిల్లల నడుగుడి. ఎవరును చెప్పలేరు.

ఇక్కడ నెహెమ్యా 3వ అధ్యాయము తెరువుడి. పేర్ల పట్టికయని మనము సాధారణముగా దాటిపోవు అధ్యాయమది. యెరూషలేము గోడలో ఎవరు ఏ భాగము కట్టిరో అందు వ్రాయబడినది. కంసాలి ఉన్నాడు, పరిమళద్రవ్యములు చేయువాడున్నాడు. షల్లూముతో కూడ అతని కుమార్తెలును కట్టిరి. తెకోవలోని ఘనులు మాత్రము పనికి మెడ వంచలేదని కూడ దాచకుండ చెప్పబడినది. గోడ కట్టించినవాని పేరుతో లెక్క ముగియలేదు.

చండీగఢ్‌లో ఉద్యోగులకు హోదానుబట్టి తరగతులవారీగా ఇండ్లు గీసిరి, జవానులకు కూడ. కట్టుచున్న కూలీలకు మాత్రము ఆ పటములో స్థిరమైన చోటు లేక, వారు గుడిసెలలో నుండిరి. పట్టణముకొరకు ఖాళీచేయబడిన పల్లెల మాటయు చెప్పవలెను. రోడ్డు ఇన్‌స్పెక్టరుగా నున్న నేక్ చంద్ అనునతడు ఆ కూల్చిన ఊళ్ల పగిలిన కుండలు, గాజుముక్కలు, రాళ్లు ఏరి, అడవిలో ఎవరికిని తెలియకుండ బొమ్మలు చేసి నిలిపెను. అధికారులకు తెలిసినప్పుడు కూల్చవలెనను మాట వచ్చెను. అయినను 1976లో అది ప్రజలకు తెరువబడెను. దానినే రాక్ గార్డెన్ అందురు. మా పిల్లలకు కార్బూజియేకంటె ఇతడే నచ్చెను, వారిని తప్పుపట్టలేను.

పట్టణమంతయు బాబెలేయని పిల్లలకు బోధింపకుడి. వారి తండ్రి అక్కడ స్లాబు వేయుచున్నాడు.

వచ్చు నెలకు పని యిది. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలును మేడలును కట్టిరని మనమందరము చెప్పుకొందుము గాని, మన ఊరివారు ఏవి కట్టిరో ఎక్కడను వ్రాసిపెట్టలేదు. పండుగకు వచ్చినప్పుడుగాని ఫోనులోగాని పిల్లలు తమవారి నడుగవలెను: ఏ ఊరు, ఏ కట్టడము, ఎన్ని అంతస్తులు, ఏమి మోసితివి, రాత్రి ఎక్కడ పండుకొంటివి. నోటుపుస్తకములో ఒక్కొక్కరికి ఒక పుట. పుట పైభాగమున పూర్తి పేరు వ్రాయవలెను. తల్లిదైనయెడల “ఫలానావాని భార్య” అని కాదు, ఆమె పేరే.